పాట మధ్యలో టెంపో మార్చడం ఎలా: రీపర్‌లో ఒక భజన పాటతో

భజన పాటలో పల్లవి నిదానంగా నడుస్తుంది. చరణాలు గడిచేకొద్దీ జనం గొంతు కలుపుతారు, ఢోలక్ కాస్త ముందుకు తోస్తుంది, చివరికి వచ్చేసరికి చప్పట్లు పరుగందుకుంటాయి. గుడిలో ఇదంతా ఎవరూ లెక్కపెట్టకుండానే జరిగిపోతుంది. అదే పాటను కంప్యూటర్‌లో కట్టబోతే, సాఫ్ట్‌వేర్ మొదటి బార్‌లో ఇచ్చిన టెంపోనే, అంటే వేగాన్నే, ఆఖరి దాకా లాక్కెళ్తుంది. శ్రుతి, తాళం అన్నీ సరిగ్గానే ఉంటాయి కానీ ఊపు రాదు.

టెంపో మార్చే మీట ఎక్కడుందో తెలుసుకోవడం పెద్ద పని కాదు. టెంపో మారినప్పుడు దానితో పాటు ఏ ట్రాకులు (ఒక్కో గొంతు, వాయిద్యం ఉండే వరుసలు) కదలాలి, ఏవి కదలకూడదు అన్నది ముందే తేల్చుకోవడంలోనే అసలు పని ఉంది. చాలామంది ఆ సంగతి చూడకుండా, టెంపో ఇక్కడ మారాలని చెప్పే గుర్తును, అంటే మార్కర్‌ను, పెట్టేస్తారు. వెంటనే గొంతు ఒక దారి, ఢోలక్ ఇంకో దారి పడతాయి. అందుకే ఈ వివరణలో మార్కర్ కంటే ముందు ట్రాకుల సంగతి వస్తుంది.

ఉదాహరణకు రీపర్ అనే సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నాను. ఈ విషయంలో అది ఇచ్చేంత పట్టు తక్కువ సాఫ్ట్‌వేర్లు ఇస్తాయి, 60 రోజులు ఉచితంగా వాడి చూసుకోవచ్చు కూడా. మీరు వేరేది వాడుతుంటే చివర్లో దానికి తగిన దారి చెప్తాను, ఆలోచన మాత్రం ఒకటే.

మన పాట లెక్క ఇది. ఆది తాళం, అంటే ఒక ఆవర్తనానికి 8 అక్షరాలు, 4/4లో, అంటే బార్‌కు నాలుగు బీట్ల చొప్పున, రెండు బార్లు. మొదటి 40 బార్లు 84 బీపీఎం, అంటే నిమిషానికి 84 బీట్లు. 41 నుంచి 48 దాకా, అంటే నాలుగు ఆవర్తనాలలో, వేగం పెరుగుతుంది. 49వ బార్ నుంచి 126. ఆఖరి పంక్తి మళ్ళీ 84.

ముందు ఒక ప్రశ్న: నిజంగా టెంపో మారాలా?

పాట వేగంగా వినిపించాలంటే ప్రతిసారీ టెంపో పెంచనక్కర్లేదు. కర్ణాటక సంగీతంలో రెండో కాలం పాడినప్పుడు తాళం వేసే చేతి వేగం మారదు. ఒక్కో అక్షర కాలంలో పడే స్వరాలు రెట్టింపవుతాయి, అంతే. మీకు కావలసిన జోరు అలాంటిదైతే టెంపోను ముట్టుకోకండి. ఢోలక్ నడకను రెట్టింపు చేయండి, చేతి తాళాలను ఎదురు దెబ్బల మీద వేయించండి. పాట 84లోనే ఉండి, 168 లాగా పరుగెడుతుంది.

చప్పట్లు కొట్టే చెయ్యే వేగం పెంచాలని అనిపిస్తే అది కాలప్రమాణం మారడం. అప్పుడే కింది దశలు అవసరం.

ఎంతకు మార్చాలో తెలియకపోతే పాటను నెమ్మదిగా ఉండే చోట ఒకసారి, జోరుగా ఉండే చోట ఒకసారి నోటితో పాడుకుంటూ, కింద ట్రాన్స్‌పోర్ట్ పట్టీలో ఉండే బీపీఎం అన్న అక్షరాల మీద తాళానికి తగ్గట్టు మౌస్‌తో క్లిక్ చేస్తూ పోండి. అంకె అక్కడే కనిపిస్తుంది. చెవితో వచ్చిన ఆ అంకెకు దగ్గరగా ఉండండి. ఊహించి పెట్టిన అంకెలు దాదాపు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి, పాడేవాళ్ళకు ఊపిరి ఆడదు.

1. ప్రాజెక్టును వేరే పేరుతో సేవ్ చేయండి

టెంపో మార్పు పాట మొత్తాన్ని కదిలిస్తుంది. పాత కాపీ ఒకటి పక్కన ఉండాలి.

2. ఏది బీట్లను పట్టుకోవాలి, ఏది గడియారాన్ని పట్టుకోవాలి

ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ప్రాజెక్ట్ సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అందులో టైమ్‌బేస్ అనే వరుస ఉంటుంది. ఈ వ్యవహారానికంతటికీ తాళంచెవి ఇదే. ముఖ్యంగా మూడు ఎంపికలు కనిపిస్తాయి.

టైమ్ అని పెడితే క్లిప్పు, అంటే ట్రాకు మీద ఉన్న రికార్డింగ్ ముక్క, తన సెకన్ల స్థానంలోనే ఉండిపోతుంది. టెంపో ఎంత మారినా దానికి పట్టదు. బీట్స్, పొజిషన్, లెంగ్త్, రేట్ అని పెడితే క్లిప్పు కొత్త బీట్లతో కదులుతుంది, దాని పొడవు కూడా సాగుతుంది లేదా కుదించుకుంటుంది. బీట్స్, పొజిషన్ ఓన్లీ అంటే మొదలయ్యే చోటు మాత్రం బీటుతో కదులుతుంది, లోపలి శబ్దం ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.

వీటికి తోడు 6వ వెర్షన్‌తో ఆటో స్ట్రెచ్ అనే మరొకటి వచ్చింది. దాని అవసరం ఎక్కడంటే: ఒక పొడవైన ఆడియో క్లిప్పు 38వ బార్‌లో మొదలై 52 దాకా పోతోందనుకోండి. మధ్యలో టెంపో మారుతోంది. మామూలు బీట్స్ ఎంపికలో క్లిప్పు మొత్తం ఒకే రేటులో కుదించుకుంటుంది, కాబట్టి రెండు చివరలూ సరిగ్గా కూర్చున్నా మధ్యలోని దెబ్బలు బార్ గీతలను తప్పుతాయి. ఆటో స్ట్రెచ్ పెడితే లోపల ఎక్కడికక్కడ సర్దుకుంటుంది.

ప్రాజెక్టు మొత్తానికి ఒకటి పెట్టి, ట్రాకు ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి ఆ ఒక్క ట్రాకుకు వేరేది పెట్టుకోవచ్చు. మన భజన పాటకు నేనైతే ఇలా పెడతాను. తంబూర శ్రుతి ట్రాకు టైమ్‌లో ఉంచుతాను, ఎందుకంటే శ్రుతికి తాళంతో పని లేదు, దాన్ని సాగదీస్తే నాదం పాడవుతుంది. గుడి గంట, శంఖం, జనం సందడి లాంటివి పొజిషన్ ఓన్లీ. మిడి (శబ్దం బదులు నోట్ల సమాచారం మాత్రమే ఉండే) హార్మోనియం, ఢోలక్‌కు ప్రాజెక్టులో ఉన్న మామూలు బీట్స్ చాలు, నోట్లు వాటంతటవే సర్దుకుంటాయి. తాత్కాలికంగా పాడిన గైడ్ వోకల్ ఉంటే ఆటో స్ట్రెచ్.

ఇదే చోట టెంపో ఎన్వలప్‌కు (టెంపో ఎక్కడ ఎంతో చూపే గీతకు) కూడా విడిగా టైమ్‌బేస్ ఉంటుంది. దాన్ని బీట్స్‌లో ఉంచండి. లేకపోతే 41వ బార్ దగ్గర వేగం సవరించినప్పుడు 49లో పెట్టిన మార్కర్ పాత సెకన్ల స్థానంలోనే నిలిచిపోయి బార్ మధ్యలో పడుతుంది.

ఈ ఎంపికలన్నీ టెంపో మార్చక ముందే చేయాలి. మార్చాక టైమ్‌బేస్ సరిచేస్తే, అప్పటికే తప్పిన క్లిప్పులు వెనక్కి రావు. అలా జరిగితే కంట్రోల్ జెడ్‌తో వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టడమే సులువు.

3. పిచ్ కాపాడుకోండి

ఆడియో క్లిప్పులన్నీ ఎంచుకుని ఎఫ్2 నొక్కండి. రేటు మారినా పిచ్ నిలబెట్టే గడి, ప్రిజర్వ్ పిచ్, టిక్ అయి ఉందో లేదో చూడండి. ఇది లేకుండా 84లో పాడిన గొంతును 126కు లాగితే రేటు ఒకటిన్నర రెట్లవుతుంది. శ్రుతి లెక్కలో ఒకటిన్నర అంటే షడ్జమం నుంచి పంచమానికి ఉన్న దూరం. అంటే గాయకుడు పట్టిన 'స' మీకు 'ప'గా వినిపిస్తుంది, గొంతు చిన్నపిల్లల గొంతులా మారిపోతుంది.

టిక్ ఉన్నా అంత దూరం లాగిన గొంతు నిలబడదు. నా చెవికి అయిదారు శాతం దాకా ఇబ్బంది తెలియదు, పది దాటితే గమకాలు గరగరలాడతాయి, హల్లులు నలిగిపోతాయి. గైడ్ వోకల్ కాబట్టి అది ఫరవాలేదు. ఫైనల్ గొంతు మాత్రం కొత్త టెంపోలో మళ్ళీ పాడించాల్సిందే. సాఫ్ట్‌వేర్ లాగుతుంది కదా అని గాయకుడి శ్రమ తగ్గించబోతే పాట నష్టపోతుంది.

4. మార్కర్లు పెట్టడం

కర్సర్ బార్ గీతలకే అతుక్కునేలా స్నాప్ ఆన్ చేయండి. కర్సర్‌ను 1వ బార్ మొదట్లో పెట్టి షిఫ్ట్, సి నొక్కండి. చిన్న కిటికీ తెరుచుకుంటుంది. టెంపో 84, టైమ్ సిగ్నేచర్ 4/4. ప్రాజెక్టు టెంపో ఎలాగూ 84 ఉంది కదా, మార్కర్ ఎందుకు అనిపించవచ్చు. తర్వాత ఎప్పుడైనా ట్రాన్స్‌పోర్ట్ పట్టీలో అంకె మార్చితే ఏది మారుతుందో స్పష్టంగా ఉండడానికి మొదటి మార్కర్ ఉండాలి.

ఇప్పుడు 41వ బార్. మళ్ళీ షిఫ్ట్, సి. ఇక్కడా 84నే. కానీ తర్వాతి మార్కర్ దాకా టెంపో క్రమంగా మారాలని చెప్పే గడిని టిక్ చేయండి. తర్వాత 49వ బార్‌లో 126, టిక్ లేకుండా.

కొత్తవాళ్ళు 41లో మార్కర్ పెట్టకుండా 1వ బార్ మార్కర్‌కే ఆ టిక్ పెడుతుంటారు. అప్పుడు పాట మొదటి అక్షరం నుంచే మెల్లగా జారుతూ పోతుంది, పల్లవి ఎక్కడా నిలకడగా అనిపించదు. వేగం ఎక్కడ మొదలవ్వాలో అక్కడే ఒక మార్కర్ ఉండాలి, అది కూడా పాత టెంపోతోనే.

ప్లే చేసి వినండి. 84 నుంచి 126కు సమంగా పెరిగితే సగటు 105, ఆ 32 బీట్లకు సుమారు 18 సెకన్లు పడుతుంది. భజనకు ఇది సరైన కొలత. ఇంతకంటే తక్కువలో పెరిగితే తొందరపడినట్టు ఉంటుంది.

5. గెంతా, ఎక్కడమా?

పైన చేసింది మెల్లగా ఎక్కడం. ఒక్కసారిగా గెంతడం కూడా చాలా అందంగా ఉంటుంది, కాకపోతే దానికి లెక్క కుదరాలి. నేను 126 ఎంచుకున్నది ఊరికే కాదు. 84 బీపీఎంలో ఢోలక్ తిశ్ర గతిలో వాయిస్తే ఒక బీటుకు మూడు దెబ్బలు, నిమిషానికి 252. 126 బీపీఎంలో బీటుకు రెండు దెబ్బలు వాయిస్తే అదీ నిమిషానికి 252 దెబ్బలే.

కాబట్టి గెంతే ముందు బార్‌లో ఢోలక్‌ను తిశ్రంలోకి తిప్పండి. త కి ట, త కి ట అని నడుస్తున్న ఆ దెబ్బల వేగం ఏమీ మారదు. కొత్త బార్ మొదలవగానే అవే దెబ్బలు రెండేసిగా విడిపోతాయి. చేతి వేగం ఒకటే, తాళం వేగం మాత్రం ఒకటిన్నర రెట్లు. వినేవాళ్ళకు గెంతు తగలదు, ఏదో తలుపు తెరుచుకున్నట్టు ఉంటుంది. ఈ పద్ధతిలో 41వ బార్ మార్కర్ అక్కర్లేదు, 49లో ఒక్కటి చాలు. 48వ బార్‌లో తిశ్రం వాయించే మిడి నోట్లను ట్రిప్లెట్ గ్రిడ్ (బీటును మూడుగా విడదీసే గీతలు) మీద పెట్టండి.

మీ పాట 84 కాకపోయినా సూత్రం ఇదే. 80 అయితే 120, 96 అయితే 144, 72 అయితే 108. ఈ లెక్కలో లేని టెంపోకు గెంతాలనుకుంటే మధ్యలో ఒక నిశ్శబ్దమో, ఒక పొడవైన ఆలాపనో అడ్డం పెట్టండి. తాళం కొంతసేపు చెవి నుంచి తప్పుకుంటే ఏ టెంపోలో తిరిగి వచ్చినా ఒప్పుతుంది.

6. ఎన్వలప్‌లో సానబెట్టడం

వ్యూ మెనూ నుంచి మాస్టర్ ట్రాకును తెరిచి, దాని ఎన్వలప్‌లలో టెంపోను చూపించమనండి. మీరు పెట్టిన మార్కర్లన్నీ ఒక గీత మీద చుక్కలుగా కనిపిస్తాయి. చుక్కను పైకీ కిందికీ లాగితే టెంపో మారుతుంది.

ఇక్కడ గీత అయితే మెట్టులా ఉంటుంది, లేదా తిన్నగా వాలుతుంది. వంపు రాదు. మనుషులు మాత్రం తిన్నని గీతలా వేగం పెంచరు. మొదటి రెండు ఆవర్తనాలు కొంచెం కొంచెంగా, ఆ తర్వాత గట్టిగా. అందుకని 45వ బార్‌లో ఇంకో చుక్క పెట్టి దాన్ని 98 దగ్గర ఉంచండి. సగం దారిలో దాదాపు 105 ఉండాల్సింది 98 ఉంది కాబట్టి రెండో సగం ఉరుకుతుంది. ఒక్క చుక్కతో ఎంత తేడా వస్తుందో విని చూడండి, నిజంగా మనుషులు వాయించినట్టు ఉంటుంది.

చరణాల్లోనూ 1 లేదా 2 బీపీఎం తేడా పెట్టుకోవచ్చు. కోరస్ ఎత్తుకునేటప్పుడు 85, 86 చేసి, పల్లవికి తిరిగి 84. ఇది వింటే తెలియదు, లేకపోతే తెలుస్తుంది.

ఆఖరి పంక్తికి: జోరంతా ఒక గట్టి దెబ్బతో ఆగాక, తర్వాతి బార్‌లో 84 మార్కర్ పెట్టండి. అక్కడ వాలు వద్దు, మెట్టే బాగుంటుంది. గాయకుడు ఆ పంక్తిని నిదానంగా, గొంతు విప్పి పాడతాడు.

7. ఢోలక్ లూపులు

మిడి కాకుండా ఆడియో లూపులు, అంటే పదేపదే తిప్పే రికార్డింగ్ ముక్కలు, వాడితే స్ట్రెచ్ చేయవద్దని నా సలహా. ఢోలక్, తబలా, డప్పు లాంటి వాటికి దెబ్బ పడే క్షణమే ప్రాణం. సాగదీస్తే ఆ క్షణం మెత్తబడుతుంది. దీనికి మంచి ఉపాయం ఉంది. లూపును ఎంచుకుని డి నొక్కితే డైనమిక్ స్ప్లిట్ వస్తుంది, అది ప్రతి దెబ్బ దగ్గరా క్లిప్పును కోస్తుంది. టెంపో మార్చక ముందు కోసి, ఆ ట్రాకును పొజిషన్ ఓన్లీలో ఉంచండి. ఇప్పుడు టెంపో మారితే దెబ్బల మధ్య దూరం మారుతుంది, ప్రతి దెబ్బ నాదం మాత్రం చెక్కు చెదరదు. వేగం తగ్గిన చోట దెబ్బల మధ్య ఖాళీ వినిపిస్తే ప్రతి ముక్కకు చిన్న ఫేడ్ అవుట్ పెడితే సరిపోతుంది.

లోహపు తాళాల లూపు మాత్రం ఇలా కోయకండి. వాటి మోత ఒక దెబ్బ నుంచి ఇంకో దెబ్బకు పారుతూ ఉంటుంది, కోస్తే తెగినట్టు వినిపిస్తుంది. అవి చేత్తో మళ్ళీ వాయించి రికార్డు చేసుకోవడమే మేలు, పట్టుమని పది నిమిషాల పని.

8. డిలే, రివర్బ్

టెంపోతో ముడిపెట్టిన డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఉంటే జాగ్రత్త. 60,000ను బీపీఎంతో భాగిస్తే ఒక బీటు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 84లో 714, 126లో 476. వాలు ఉన్న 18 సెకన్లూ డిలే ఈ రెండు అంకెల మధ్య జారుతూనే ఉంటుంది. చాలా ప్లగిన్లలో అలా జారేటప్పుడు ప్రతిధ్వని శ్రుతి వంకర పోతుంది. 41 నుంచి 48 దాకా డిలే సెండ్‌ను, అంటే డిలేకు వెళ్ళే శబ్దాన్ని, ఆటోమేషన్‌తో తగ్గించేయండి, 49లో మళ్ళీ తెరవండి. రివర్బ్ (గది మోత) తోకను కూడా జోరు భాగంలో కాస్త కత్తిరించండి, లేకపోతే మాటలు ఒకదాని మీద ఒకటి పడి సాహిత్యం వినపడదు. భజన పాటలో సాహిత్యం వినపడకపోతే మిగిలేది ఏముంది.

9. ఇప్పుడు పాడించండి

టెంపో మ్యాప్, అంటే పాట పొడవునా టెంపో మార్పుల పటం, తయారైంది. గైడ్ వోకల్, మిడి హార్మోనియం, ఢోలక్‌లతో పాటను మొదటి నుంచి చివరి దాకా వినండి. పక్కవాళ్ళకు వినిపించండి. టెంపో మీద ఏ సందేహం ఉన్నా ఇప్పుడే తీర్చుకోండి, ఫైనల్ గొంతు రికార్డు అయ్యాక మ్యాప్‌ను ముట్టుకోకూడదు.

గాయకులకు ఉత్త క్లిక్ (మెట్రోనోమ్ టిక్కులు) ఇస్తే వాలు దగ్గర తడబడతారు, టిక్కు టిక్కుకు మధ్య దూరం ఎంత తగ్గుతోందో పసిగట్టడం కష్టం. హెడ్‌ఫోన్‌లో ఢోలక్‌ను గట్టిగా, క్లిక్‌ను చిన్నగా ఇవ్వండి. ఇన్సర్ట్ మెనూలో క్లిక్ సోర్స్ ఉంటుంది, దాన్ని ఒక ట్రాకు మీద పరిస్తే టెంపో మ్యాప్ వెంటే నడుస్తుంది, దాని వాల్యూమ్ విడిగా సర్దుకోవచ్చు. కోరస్ వాళ్ళను 37వ బార్ నుంచే మొదలుపెట్టించండి. పాత టెంపోలో రెండు ఆవర్తనాలు పాడి, అదే ఊపిరిలో వాలు ఎక్కితేనే సహజంగా వస్తుంది. సరిగ్గా 41లో పంచ్ ఇన్ చేస్తే, అంటే అక్కడే రికార్డింగ్ మొదలుపెడితే, అతుకు తెలుస్తుంది.

క్లిక్ లేకుండా ముందే పాడేసి ఉంటే

గుడిలోనో ఇంట్లోనో మనసుపెట్టి పాడిన రికార్డింగ్ మీ దగ్గర ఉందనుకోండి. దాన్ని గ్రిడ్‌కు వంచవద్దు, గ్రిడ్‌నే దాని దగ్గరకు తీసుకురండి. ఆ ఆడియో ట్రాకును టైమ్‌లో పెట్టండి. ఒక బార్ పొడవును, అంటే నాలుగు అక్షరాలను, వేవ్‌ఫామ్ చూస్తూ చెవితో సరిచూసుకుంటూ ఎంచుకోండి. యాక్షన్ లిస్టులో క్రియేట్ మెజర్ ఫ్రమ్ టైమ్ సెలెక్షన్ అని వెతికితే, ఆ భాగాన్ని ఒక బార్‌గా లెక్కించి టెంపో మార్కర్ పెట్టే ఆదేశం దొరుకుతుంది. పాట పొడవునా ఇలా చేసుకుంటూ పోవాలి. ఓపిక కావాలి, అయితే తర్వాత మీరు వేసే మిడి వాయిద్యాలన్నీ ఆ పాటగాడి ఊపిరితో నడుస్తాయి. పాట నిలకడగా ఉన్న చోట నాలుగైదు బార్లకు ఒక మార్కర్ చాలు, వేగం మారే చోట ప్రతి బార్‌కూ పెట్టండి.

వేరే సాఫ్ట్‌వేర్లలో

క్యూబేస్‌లో టెంపో ట్రాకు ఉంటుంది. చుక్కల మధ్య జంప్ లేదా ర్యాంప్ ఎంచుకోవాలి. ఆడియో కదలాలంటే ఆ క్లిప్పుకు మ్యూజికల్ మోడ్ ఆన్ చేయాలి. లాజిక్‌లో జి నొక్కితే గ్లోబల్ ట్రాకులు వస్తాయి, టెంపో అందులో ఉంటుంది. ఏబుల్టన్ లైవ్‌లో అరేంజ్‌మెంట్ వ్యూలో మెయిన్ ట్రాకు (పాత వెర్షన్లలో దీని పేరు మాస్టర్) ఆటోమేషన్‌లో సాంగ్ టెంపో ఎంచుకుని గీత గీయాలి. వార్ప్ (టెంపోతో సాగే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న క్లిప్పులే వెంట నడుస్తాయి, కాబట్టి తంబూరకు వార్ప్ తీసేయండి.

ఎఫ్‌ఎల్ స్టూడియోలో పైనున్న టెంపో అంకె మీద రైట్ క్లిక్ చేసి ఆటోమేషన్ క్లిప్పు సృష్టించాలి. ఆ క్లిప్పు 10 నుంచి 522 బీపీఎం దాకా ఉన్న మొత్తం పరిధిని చూపిస్తుంది, అందువల్ల గీత వెంట్రుకవాసి కదిలినా టెంపో ఎటో పోతుంది. క్లిప్పు సెట్టింగుల్లో మిన్, మ్యాక్స్ నాబ్‌లు తిప్పి పరిధిని మీ రెండు టెంపోల దగ్గరకు తెచ్చుకున్నాకే గీయడం మొదలుపెట్టండి.

పాటను మిక్సింగ్‌కు వేరే స్టూడియోకు పంపేటప్పుడు అన్ని ట్రాకులనూ 1వ బార్ నుంచే రెండర్ చేయండి (ఆడియో ఫైళ్ళుగా తీయండి), మధ్యలో మొదలయ్యే వాటిని కూడా. వాటితో పాటు ప్రాజెక్టు మిడిని ఎగుమతి చేసి టెంపో మార్పులు అందులో చేర్చండి. అవతలివాళ్ళు ఆ ఫైలును తెరిచేటప్పుడు టెంపో మ్యాప్ తీసుకోవాలా అని అడిగితే సరే అనమని ఒక ముక్క రాసి పెట్టండి. బార్ నంబర్లు ఇద్దరికీ ఒకటే అయితే 45వ బార్ దగ్గర కోరస్ కాస్త పెంచండి అని ఫోన్‌లో చెప్పినా పని జరిగిపోతుంది.